మల్లెపూలు కట్టిన మూడు రోజులు

మా పాపకు ఇప్పుడు ఎనిమిదో నెల. బోర్లా పడి, పాకి, చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. ఇంత నిక్షేపంలా ఉన్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆ మొదటి నెల సంగతులు ఇప్పుడెందుకు తవ్వుకోవడమని మా ఆయన అన్నారు. నిజమే, చాలామంది లెక్కలో అది జబ్బే కాదు. కానీ మొన్న మా స్కూల్లో పనిచేసే ఒకమ్మాయికి కాన్పయితే చూడడానికి వెళ్ళాను. గదినిండా చుట్టాలు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే "పాలు పడ్డాయా అమ్మా?" అని అడుగుతున్నారు. ఆ పిల్ల అందరికీ నవ్వుతూ "ఇంకా లేదండి" అంటోంది. ఆ నవ్వు నాకు తెలుసు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఊరుకుందామని చూశాను, నావల్ల కాలేదు.

నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. పిల్లలకు పాలిచ్చి పెంచే జంతువులు క్షీరదాలు అని ఏటా బోర్డు మీద రాస్తాను, పరీక్షలో రెండు మార్కులకు అడుగుతాను. ఆవు, మేక, తిమింగలం, మనిషి. ఆ రెండు మార్కుల ప్రశ్న నన్ను అంత ఏడిపిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మా ఆయనది అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం. అందుకని పురిటికి రాజోలు దగ్గర ఉన్న మా అమ్మ ఇంటికి వచ్చాను. నాన్న పోయి మూడేళ్ళయింది. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. పక్కింట్లో మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క. ఏప్రిల్ నెల, ఎండలు ముదురుతున్నాయి. అమలాపురంలో ఆపరేషన్ చేసి పాపను తీశారు. మూడు కేజీలకు కాస్త తక్కువ. మా ఆయన వచ్చి, నాలుగు రోజులుండి, సెలవు అయిపోయి వెళ్ళిపోయారు.

ఆసుపత్రిలో ఉన్న రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. కుట్ల నొప్పితో ఒక పక్కకు తిరగలేను. ఒక నర్సు వచ్చి పాప తలను పట్టుకుని నా రొమ్ముకు అదిమింది. పాప ఏడ్చింది. ఇంకోసారి అదిమింది. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. "పాలు పడలేదు, డబ్బాపాలు పట్టెయ్యండి" అని చెప్పి ఆవిడ పక్క గదికి వెళ్ళిపోయింది. ఆవిడకు ఇరవైమంది బాలింతలు, తప్పు పట్టను. పెద్దమ్మ డబ్బాపాలు కలిపి ఉగ్గుగిన్నెతో పట్టింది. పాప చప్పరించి చప్పరించి నిద్రపోయింది. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం నా బిడ్డను మొదటిసారి ఇంకొకరు దగ్గరకు తీసుకుని కడుపు నింపుతుంటే చూస్తూ పడుకున్నాను.

ఇంటికొచ్చాక నన్ను వెనక గదిలో పెట్టారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కాళ్ళకు మేజోళ్ళు, అదీ ఏప్రిల్‌లో. పథ్యం సంగతి పెద్దమ్మ చూసుకునేది. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, పాలు పడడానికని సొరపిట్టు. ఆ సొరచేప కోసం అంతర్వేది నుంచి వచ్చే చేపలావిడకు ముందే చెప్పి ఉంచింది. వీటన్నిటికీ నాకేమీ అభ్యంతరం లేదు. నీళ్ళ దగ్గరే నా ప్రాణం పోయేది. బాలింత నీళ్ళు ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుందని పెద్దమ్మ నమ్మకం. పూటకు ఒక గ్లాసు, అదీ కాచి చల్లార్చినవి. నేను స్నానానికి వెళ్ళినప్పుడు కుళాయి తిప్పి దోసిలితో దొంగతనంగా తాగేదాన్ని. ఎమ్మెస్సీ చదివినదాన్ని, నోరు తెరిచి అడగొచ్చు. అడిగాను కూడా. "మీ పుస్తకాల్లో రాసేవాళ్ళు పిల్లల్ని కన్నారా ఏంటమ్మా" అంది పెద్దమ్మ. బాలింతరాలి మాట ఇంట్లో చెల్లదని అప్పుడే తెలిసింది.

అయిదో రోజుకు పాలు వచ్చాయి. వచ్చాయి కానీ పాపకు తాగడం రాదు. నోట్లో పెట్టగానే కాస్త చప్పరించి వదిలేసి ఎర్రగా కందిపోయేలా ఏడ్చేది. పట్టుకున్నప్పుడు మాత్రం నా కాలివేళ్ళు ముడుచుకుపోయేవి, అంత నొప్పి. రెండు రోజుల్లో చనుమొనలు పగిలి రక్తం వచ్చింది. పాప ఏడుపు వినపడితే నాకు గుండె దడ మొదలయ్యేది. కన్నబిడ్డ ఆకలిగా ఉందంటే భయపడే తల్లి ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఉంటుంది. నేనే ఉన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆడవాళ్ళు చూడడానికి వచ్చారు. ఉన్న కుర్చీలు చాలక మంచం మీద కూడా కూర్చున్నారు. అందరూ అడిగే ప్రశ్న అడిగారు. ఒకావిడ తన కోడలికి పాలు పొంగిపోయి పక్కవాళ్ళ బిడ్డకు కూడా పట్టిన కథ చెప్పింది. ఆ తర్వాత నా పాల కోసం ప్రార్థన చేశారు. పదకొండుమంది కళ్ళు మూసుకున్నారు, నేను తెరుచుకునే ఉన్నాను, అందుకే లెక్క తెలుసు. వాళ్ళు మంచివాళ్ళు. ఖాళీ చేతులతో ఒక్కరూ రాలేదు. కానీ వాళ్ళు వెళ్ళిపోయాక ఆ గది ఇంకా పెద్దదైనట్టు అనిపించింది.

మా ఆయన రోజూ సాయంత్రం బ్యాంకు నుంచి ఫోన్ చేసేవారు. "డబ్బాపాలు తాగితే ఏమవుతుంది, నేనూ డబ్బాపాలే తాగాను కదా" అన్నారొకసారి. నా మనసు తేలికపరచాలనే అన్నారు. "అవునండీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక గోడవైపు తిరిగి ఏడ్చాను. డబ్బాపాలు విషమని నేనూ అనుకోలేదు. నా ఏడుపు అది కాదు. ఆ ఇంట్లో పాపకు అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. అమ్మ స్నానం చేయిస్తుంది, పెద్దమ్మ పాలు పడుతుంది, నాకు మిగిలిన ఒక్క పనీ నాకు చేతకావడం లేదు.

అన్నిటికన్నా నన్ను కోసేసింది అమ్మ. అమ్మ నాకు ఏ లోటూ చేయలేదు. తెల్లారకముందే లేచి వేడినీళ్ళు పెట్టేది, నా బట్టలు, పాప బట్టలు ఉతికేది. కానీ నేను పాపను రొమ్ముకు తీసుకోగానే లేచి వెళ్ళిపోయేది. గదిలో ఏం చేస్తున్నా సరే, మడతపెడుతున్న గుడ్డ మధ్యలో వదిలేసి అయినా సరే. ఒకసారి "అమ్మా, కొంచెం పాప తల పట్టుకో" అని అడిగాను. "పొయ్యి మీద పాలున్నాయే" అంది. పొయ్యి మీద ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. నా చేతకానితనం చూడలేక వెళ్ళిపోతోందనుకున్నాను. ఆ మాట అడిగేస్తే నిజమని చెబుతుందేమోనని అడగలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం ఉండి, నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

పదకొండో రోజు పొద్దున లేచేసరికి కుడి రొమ్ము రాయిలా గట్టిపడి ఉంది. మధ్యాహ్నానికి చలిజ్వరం. చెయ్యి ఎత్తితే ప్రాణం పోతోంది. పాపను దగ్గరకు తీసుకోవడం మాట అటుంచి, జాకెట్టు తగిలితేనే భరించలేకపోయాను. అమ్మ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. బయటకు వెళ్ళి, సైకిలు మీద పూలమ్మే ఆయన్ను ఆపడం నాకు కిటికీలోంచి వినిపించింది.

"మల్లెలు ఉన్నాయాండీ?"

"ఆయ్, ఉన్నాయండి. దండా, విడిపూలాండి?"

"విడియ్యే ఇవ్వండి. ఎక్కువే ఇవ్వండి."

నాన్న పోయాక మా ఇంట్లోకి పూలు రావడం అదే మొదలు. అమ్మ ఆ పూలను పల్చటి గుడ్డలో పరిచి, నా రొమ్ము మీద వేసి, వీపు వెనక ముడి వేసింది. చేతులు గబగబా కదిలాయి, ఎక్కడా తడుముకోలేదు. చల్లగా, హాయిగా అనిపించింది. అన్ని రోజుల్లో అమ్మ నన్ను అంత దగ్గరగా తాకడం కూడా అప్పుడే.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను.

"పాతకాలం వైద్యమేలే. నెప్పి లాగేస్తాది. పడుకో" అంది.

మూడు రోజులు అలాగే కట్టింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వాడిపోయిన పూలు తీసి కొత్తవి వేసేది. రెండో పక్క కూడా గట్టిపడుతోందేమోనని అటూ కట్టింది. రొమ్ముల బరువు తగ్గింది, పాలూ తగ్గాయి. ఎడమవైపు నొక్కితే నాలుగు చుక్కలు రావడం కష్టమైంది. జ్వరం మాత్రం పోలేదు, మాత్ర వేస్తే దిగి మళ్ళీ ఎక్కేది. పాప పూర్తిగా డబ్బాపాలకు వచ్చేసి హాయిగా నిద్రపోతోంది. ఇంట్లో ఏడుపులు లేవు. "పోనీలే, ఇలాగైనా కుదుటపడ్డారు ఇద్దరూను" అంది పెద్దమ్మ. నేను తల ఊపాను. పగిలిన చోట మంట కూడా తగ్గుతోంది. తగ్గిపోతోందని సంతోషించాలో, అయిపోతోందని ఏడవాలో తెలియలేదు. పాపను దగ్గర పడుకోబెట్టుకుంటే, అది నావైపు నోరు తెరిచి వెతకడం మానేసింది. అది గమనించిన పూట నేను అన్నం ముట్టలేదు.

పద్నాలుగో రోజుకు కుడి రొమ్ము మీద ఒకచోట ఎర్రగా కమిలింది. ఇక లాభం లేదని ఆటో మాట్లాడుకుని అమ్మా, నేనూ, పాపా అమలాపురం వెళ్ళాం. ఈసారి వేరే డాక్టరమ్మ గారు. టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. మాకంటే ముందు చాలామంది ఉన్నారు. ఎదురుగా ఒకావిడ బిడ్డకు పాలిస్తూ, ఆ చేతిలోనే ఫోన్ పట్టుకుని ఇంట్లో కొబ్బరికాయల దింపు ఎంతవరకూ వచ్చిందో ఎవరినో అడుగుతోంది. ఆ బిడ్డ వైపు కూడా చూడడం లేదు. నేను ఆవిడను ద్వేషించాను. ఉన్నమాటే రాస్తున్నాను.

కాసేపటికి ఆవిడే ఫోన్ పెట్టేసి నన్ను చూసింది. "పెదాలు ఎండిపోయినియ్యమ్మా నీకు. ఇదిగో, తాగు" అని తన నీళ్ళసీసా అందించింది. పక్కన అమ్మ ఉంది. నేను అమ్మ కళ్ళముందే సీసా ఎత్తి మొత్తం తాగేశాను. ఆవిడ నవ్వి, "పి.గన్నవరం నుంచొచ్చేం. మీదే ఊరు?" అంది. నేను ఖాళీ సీసా మూత బిగించి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఫ్యాను కింద తన చోటు ఖాళీ చేసి నన్ను అక్కడికి జరగమంది.

పిలుపు వచ్చాక అమ్మ పాపతో బయటే ఉంది. లోపల తెర వెనక ఒక పెద్ద వయసు సిస్టర్ నన్ను పడుకోబెట్టి జాకెట్టు హుక్కులు విప్పింది. పొద్దున కట్టిన పూలు ఇంకా అలాగే ఉన్నాయి. గుడ్డ తీయగానే నాలుగు పూలు మంచం మీద రాలాయి. ఆవిడ చేతులు ఆగిపోయాయి. తెర సరిగ్గా వేసి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నా తల నిమురుతూ, చాలా నెమ్మదిగా అడిగింది.

"బిడ్డ ఎప్పుడు పోయిందమ్మా?"

నాకు అర్థం కాలేదు. "పోవడమేంటండి? బయట మా అమ్మ దగ్గర ఉందండి" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "మరి ఈ పూలు ఎవరు కట్టేరు తల్లీ?"

"మా అమ్మేనండి. నొప్పి తగ్గడానికి."

"ఇయ్యి బిడ్డ పోయినోళ్ళకి కడతారమ్మా. పాలు ఇంకిపోడానికి. ఎన్ని రోజుల్నుంచి కడతన్నారు?"

"మూడు రోజులండి."

సిస్టర్ లేచి వెళ్ళి అమ్మను లోపలికి పిలిచింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడలేదు. "అమ్మా, మీకు తెలీక కట్టేరా?" అని మాత్రం అడిగింది. అమ్మ పాపను గట్టిగా పట్టుకుని నిలబడింది. మంచం మీద పూలను చూసింది, నన్ను చూడలేదు.

"తెలుసండి" అంది. "పిల్ల నెప్పికి అల్లాడిపోతందండి. గట్టిపడితే ఏం చెయ్యాలో నాకు అదొక్కటే తెలుసండి. నాకు అదే కట్టేరండి."

నాకంటే ముందు అమ్మకు ఒక బిడ్డ పోయాడని చిన్నప్పుడెప్పుడో పెద్దమ్మ నోట విన్నాను. నెలలు నిండకుండా పోయాడనుకున్నాను. అడిగే సందర్భం రాలేదు, అమ్మ చెప్పనూలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాక, ఒక పరాయి ఆవిడ ముందు, జాకెట్టు లేకుండా పడుకుని, ఆ సంగతి తెలుసుకున్నాను.

డాక్టరమ్మ గారు వచ్చి చూసి మందులు రాశారు. ఇంకా చీము పట్టలేదు, ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే కొయ్యాల్సి వచ్చేదన్నారు. జ్వరం ఉన్నా, ఆ మందులు వాడుతున్నా పాపకు పాలు పట్టొచ్చు, పట్టాలి అన్నారు. సిస్టర్ ఆ రోజు నాతో గంటసేపు కూర్చుంది. పాప తలను అదమలేదు. నా వీపు వెనక దిండు పెట్టి, పాప కడుపు నా కడుపుకు ఆనేలా తిప్పి, "నోరు బాగా తెరిచేదాకా ఆగు, తొందరేం లేదు" అంది. పాప తెరవలేదు. మళ్ళీ ఆగాం. నాలుగోసారి పట్టుకుంది, నొప్పి వచ్చింది కానీ కాలివేళ్ళు ముడుచుకుపోలేదు. కొన్ని చప్పరింపులయ్యాక వదిలేసింది. "ఇవాళ్టికి ఇది చాలు. తాగేకొద్దీ ఊరతాయి. నీళ్ళు బాగా తాగు. మూడ్రోజులకోసారి రా" అంది సిస్టర్. అన్ని రోజుల్లో పాప పట్టుకోలేదని అనడం కాకుండా, నేనెలా పట్టుకుంటున్నానో చూసిన మొదటి మనిషి ఆవిడే.

తిరిగి వస్తుంటే ఆటో బోడసకుర్రు వంతెన ఎక్కింది. అక్కడ గాలి బాగా కొట్టింది. పాప మొహం మీద కొంగు కప్పుతూ, "పదకొండు రోజులున్నాడు" అంది. అంతే. నేను ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను. ఇంటిదాకా తీయలేదు.

దీని తర్వాత అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. పోయిన పాలు పిలిస్తే రావు. రెండు గంటలకోసారి పాపను పెట్టుకోవడం, తాగినంత తాగించి మిగతాది డబ్బాపాలు పట్టడం, ఆ తర్వాత చేత్తో పిండుకోవడం. మొదట్లో ఉగ్గుగిన్నె అడుగు కూడా తడిసేది కాదు. ఆ నాలుగు చుక్కలు కింద పడితే ఇంట్లో మిగిలిన ఆఖరి బియ్యపు గింజలు ఒలికిపోయినట్టు ఏడ్చేదాన్ని. మూడు రోజులకోసారి అమలాపురం. ఒకసారి పాప బరువు పెరగలేదని తెలిసి ఆసుపత్రి మెట్ల మీదే కూలబడ్డాను. మానేస్తానని సిస్టర్‌తో చెప్పాను. "మానేసినా నువ్వు తల్లివే. డబ్బాపాలు తాగి పెరిగినోళ్ళు బోల్డుమంది. కానీ ఇవాళ మాత్రం తేల్చుకోకు. రేపు పొద్దున్న అనుకో" అంది. నేను రేపు పొద్దున్న అనుకుంటూ అనుకుంటూ వారం గడిపాను.

మారింది అమ్మ. పెద్దమ్మ గ్లాసు కొలిచి తెస్తే, అమ్మ నిండు చెంబు తెచ్చి నా పక్కన పెట్టింది. "దాన్ని తాగనియ్యక్కా" అంది. అక్క మాటకు అమ్మ ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. పెద్దమ్మ ఆ రోజు మా ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది, మర్నాడు మామూలుగా వచ్చింది. నేను పాపను తీసుకున్నప్పుడు అమ్మ లేవడం మానేసింది. మొదట్లో గుమ్మం దగ్గర కూర్చుని కిటికీ వైపు చూసేది. తర్వాత మంచం పట్టె మీదికి వచ్చింది. నన్ను ఆవుపాలతో పెంచిన సంగతి అక్కడ కూర్చునే చెప్పింది. పిల్లాడు పోయాక, తల్లిపాలు మంచివి కాకే పోయాడని ఎవరో అన్నారట. "అప్పట్నుంచీ భయమే నాకు. నువ్వు పుట్టినప్పుడు పాలొచ్చినియ్యి. నేనే పట్టలేదు. నువ్వు దీనికి పట్టబోతే కాళ్ళు నిలవ్వు నాకు, ఏమవుద్దోనని" అంది. నేను నా చేతకానితనం అనుకున్నది ఆవిడ ప్రాణభయం. అది వేరే సంగతి కానీ, ఆ పద్నాలుగు రోజులు నాకెవ్వరూ తిరిగి ఇవ్వరు. అమ్మ మీద కోపం పూర్తిగా పోయిందని కూడా చెప్పలేను. జాలీ కోపమూ ఒకే మనిషి మీద ఒకేసారి ఉంటాయి, అంతే.

పాపకు నలభై రోజులు దాటాక ఒకరోజు మధ్యాహ్నం. కరెంటు పోయింది, అమ్మ విసనకర్రతో పాపకూ నాకూ విసురుతోంది. పాప ఎడమవైపు తాగుతోంది. చప్పరింపు కాదు, గుటకలు. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. ఇంతలో కుడివైపు తనంతట తనే పాలు కారి నా జాకెట్టు తడిసింది. పూలు కట్టాక ఆ పక్క అలా కారడం అదే మొదలు. నేను తుడుచుకోబోతుంటే అమ్మ విసనకర్ర పక్కన పెట్టి, తన కొంగు తీసి ఆ తడి మీద అద్ది పట్టుకుంది.

"వాడు పోయిన రోజు నాకు ఏడుపు రాలేదే" అంది. "అందరూ ఏడుస్తున్నారు, నాకు రాదు. పాలు మాత్రం వస్తానే ఉన్నాయి. జాకెట్టు మార్చుకుంటే అదీ తడిసిపోయేది. వాడు లేడని వీటికి తెలీదు కదా. మీ అమ్మమ్మ పూలు కట్టింది. మూడో రోజుకి ఆగిపోయినియ్యి. ఆ రోజు ఏడ్చేను."

పాప గుటకలు వేస్తూనే ఉంది. కొంగు తడిసి అమ్మ వేళ్ళదాకా వచ్చింది.

"ఇంకా వస్తన్నాయా?" అని అడిగింది.

"వస్తున్నాయమ్మా."

"రానీ" అంది.